పాత గోడకు సిమెంటు పూయించినవాడి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

పాత కట్టడాల మరమ్మతుకు పని తెలిసినవాళ్లు దొరకడం లేదంటున్నారు. దొరికిన రోజుల్లో వాళ్ల మాట వినని ఇంజినీర్లలో నేనొకణ్ణి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పాత రాతిగోడ సందుల్లో సున్నం రాలుతుంటే తోడించి సిమెంటు నింపించాను. "గోడకు ఊపిరాడదయ్యా" అన్నాడు అక్కడి ముసలి మేస్త్రి. గోడకు ఊపిరేమిటని నవ్వాను. మూడు వానాకాలాలు గడిచేసరికి సిమెంటు గీతలు చెక్కుచెదరలేదు. రాళ్ల అంచులే పెచ్చులుగా ఊడాయి. లోపలి చెమ్మకు మెత్తని సున్నపు సందే దారి. అది మూసేస్తే చెమ్మ రాతిలోంచి బయటపడుతుంది, అందులోని ఉప్పు అక్కడే పేరుకుని రాతిని చిట్లగొడుతుంది.

ఇప్పుడు శిక్షణ పేరిట పది రోజుల శిబిరం, సర్టిఫికెట్, ఫొటో. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాల్చాలి. నీళ్లు తగిలితే బుసకొట్టి ఉడుకుతుంది. ఆ ముద్ద నెలల తరబడి నానితే మంచిది. శిబిరం ముగిసి అందరూ ఇళ్లకు వెళ్లినా సున్నం ఇంకా నానుతూనే ఉంటుంది! ఇసుక పాళ్లు కాగితం చెబుతుంది. ముద్ద కుదిరిందో లేదో చెప్పేది తాపీయే: ఆ మేస్త్రి తాపీని బోర్లించి చూసేవాడు, ముద్ద జారిందంటే మళ్లీ కలపమనేవాడు.

పైగా అన్ని సున్నాలూ ఒకటి కావు. బంకమన్ను కలిసిన రాయి సున్నం నీటిలోనూ గట్టిపడుతుంది. స్వచ్ఛమైన రాయి సున్నానికి గాలి తగలాల్సిందే. అందుకే ఎక్కడి రాయి, ఎక్కడి ఇసుక ఉంటే అక్కడే నేర్పాలి. దూరాన ఒక్క కేంద్రం పెట్టి అందరినీ రమ్మంటే కుదరదు.

జపాన్‌లోని ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకోసారి కొత్తగా కడతారు, చివరిసారి 2013లో కట్టారు. ఒకసారి చేతికింద పనిచేసిన వడ్రంగి తర్వాతిసారికి పని నడిపించేవాడవుతాడు. అందరూ అలా కట్టనక్కర్లేదు, మరమ్మతులు ఎలాగూ చేస్తూనే ఉన్నారు కదా. ప్రతి మరమ్మతు ఒప్పందంలో ఇద్దరు నేర్చుకునేవాళ్లకు కూలి, నేర్పే మేస్త్రికి విడిగా జీతం రాయాలి. ఆయనకు డిగ్రీ ఉందా అని అడగకూడదు.

నేను పూయించిన సిమెంటును తర్వాత ఉలితో తీయించాల్సి వచ్చింది. ఆ మేస్త్రి కోసం కబురు పెడితే, చేతులు వణుకుతున్నాయని రాలేదు. కొడుకును పంపుతాడేమో అనుకున్నాను. అతను టైల్స్ పనిలో ఉన్నాడట.

— ఒక విశ్రాంత ఇంజినీరు