అవధానాన్ని ముక్కలు చేసిన మీ వీడియో యాప్‌పై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: పొడవాటి వీడియోల నుంచి చిన్న క్లిప్పులు తయారుచేసే మీ సర్వీసులో లోపం, మా అనుమతి లేకుండా క్లిప్ పోస్ట్ కావడం, మిగిలిన కాలానికి డబ్బు వాపసు గురించి.

అయ్యా,

నేను కడప జిల్లా ప్రొద్దుటూరులో ఒక చిన్న సాహితీ సంస్థకు కార్యదర్శిని. కవులు దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి గార్లు నడయాడిన ఊరు కాబట్టి, పలువురు అడిగేవాటికి అప్పటికప్పుడు పద్యాలల్లే అవధానం అంటే ఇక్కడ ఇప్పటికీ హాలు నిండుతుంది. అయితే హాలు నింపేది మా వయసువాళ్లే. మూడు గంటల రికార్డింగును యూట్యూబ్‌లో పెడితే కుర్రవాళ్లు చూడరు. వాళ్లకు చేరాలంటే నిమిషం, రెండు నిమిషాల ముక్కలు కావాలి. అందుకే మీ ఏడాది ప్లాన్ తీసుకున్నాం. 9,600 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 11,328. మాది లాభం కోసం నడిచే సంస్థ కాదు, ఇది సభ్యుల చందా డబ్బు.

కొనేముందు మీ సేల్స్ అమ్మాయి ఫోన్‌లో చక్కని తెలుగులో మాట్లాడింది. "సార్, తెలుగు ఫుల్ సపోర్ట్ ఉంది. లింక్ ఇస్తే చాలు, మంచి ముక్కలన్నీ అదే ఏరుకుంటుంది" అంది. ఏరుకున్న తీరు ఇప్పుడు చెబుతాను.

మా అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవాళ్లు, ఉంటారు. వాళ్లలో సమస్య ఇచ్చినాయన ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఆయన ఇచ్చిన కంద పద్యం చివరి పాదం ఇది: "హరి గొల్చెడివాడు పాపియగును ధరిత్రిన్". సమస్య అంటేనే అట్లా అడ్డంగా ఉంటుంది, మిగతా పాదాలు అల్లి దానికి అర్థం కుదర్చడమే పూరణ. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందన్న పాత సమస్య తెలుగువాళ్లకు కొత్త కాదు. అవధాని గారు మొదటి మూడు పాదాల్లో హిరణ్యకశిపుణ్ని తీసుకొచ్చి, ప్రహ్లాదుణ్ని గద్దిస్తున్నట్టు నడిపి, ఇచ్చిన పాదాన్ని ఆ రాక్షసుడి నోట పెట్టారు. పూరణ పూర్తయ్యేసరికి హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

మీ యాప్ తీసుకున్నది ఆ పూరణను కాదు. సమస్య విన్నాక అవధాని ఆ పాదాన్ని ఒకసారి తిరిగి చదువుకోవడం ఆనవాయితీ. మీ యాప్ సరిగ్గా ఆ 38 సెకన్లు కోసింది. పాదం చదవగానే జనం నవ్వారు కదా, అక్కడితో క్లిప్ ఆపేసింది. పైన పెద్ద పసుపు అక్షరాలతో తనంతట తానే హెడ్డింగ్ పెట్టింది: "హరిని కొలిస్తే పాపం! అవధాని షాకింగ్ కామెంట్". దానికి నూటికి 94 వైరల్ స్కోర్ కూడా ఇచ్చుకుంది. ఆటో పోస్ట్ అనే మీట మీ దగ్గర ముందే ఆన్‌లో ఉంటుందట. మేం చూడకముందే క్లిప్ మా సంస్థ పేజీలోకి ఎక్కింది.

తెల్లారేసరికి అది ఊళ్లో వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. మాకు హాలు ఇచ్చిన గుడి కమిటీ పెద్దాయన ఫోన్ చేసి, "ఏం సామీ, హరిని కొలిస్తే పాపమని మా హాల్లోనే చెప్పిస్తిరే?" అన్నాడు. ఆయనకు పూర్తి పద్యం వినిపించి శాంతింపజేశాం. అవధాని గారు మొదట నవ్వేశారు. తర్వాత ఆయన మనవరాలు చదివే కాలేజీలో దీని గురించి అడిగారని తెలిసి మౌనంగా ఉండిపోయారు. ఆ క్లిప్ తీసేశాం కానీ, డౌన్‌లోడ్ అయి తిరిగేదాన్ని ఆపడం మా చేతిలో లేదు.

ఇది ఒక్క క్లిప్పులో దొర్లిన పొరపాటైతే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. మీ యాప్ పనిచేసే పద్ధతే అవధానానికి సరిపడదు. అవధానంలో ఒక్కో పృచ్ఛకుడికి పద్యం ఒకేసారి చెప్పేయరు. ఒక ఆవృత్తిలో, అంటే ఒక చుట్టులో, ఒక పాదం చెప్పి, మిగతా ఏడుగురి దగ్గర తిరిగి వచ్చి, రెండో పాదం అందుకుంటారు. నడుమ అప్రస్తుత ప్రసంగం ఆయన సంబంధం లేని మాటలతో అవధాని ధ్యాస మళ్లించాలని పుల్లలు పెడుతూనే ఉంటారు. ఇచ్చిన మాటలను పద్యంలో ఇమడ్చమనే దత్తపదిని మొదటి గంటలో అడిగితే, దానికి నాలుగో పాదం రెండు గంటల తర్వాత పడుతుంది. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతారు. అంటే ఒక మంచి క్లిప్ కావాలంటే ప్రశ్నను ఒకచోట నుంచి, నాలుగు పాదాలను నాలుగుచోట్ల నుంచి, లేదా నేరుగా ధారణ నుంచి తెచ్చి అతకాలి. మీ యాప్ మాత్రం ఎక్కడ గొంతు పెరిగింది, ఎక్కడ నవ్వారు అని చూసి, ఆ చుట్టుపక్కల ఒకే ముక్కను కోస్తుంది. అందుకే మాకు వచ్చిన క్లిప్పుల్లో సగానికి పైగా అప్రస్తుత ప్రసంగాలే. మా అవధాని గారు పద్యం చెబుతారన్న సంగతి ఆ క్లిప్పులు చూసినవాళ్లకు తెలియనే తెలియదు.

ఇక 'నిశ్శబ్దం తొలగింపు' గురించి. నిషేధాక్షరిలో అవధాని ఒక అక్షరం పలుకుతారు, తర్వాత రాబోయే అక్షరాన్ని పృచ్ఛకుడు ఊహించి నిషేధిస్తాడు. అప్పుడు అవధాని ఆగుతారు. కళ్లు మూసుకుంటారు, బొటనవేలు కణుపుల మీద నడుస్తుంది, హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించదు. ఆ నాలుగైదు సెకన్ల కోసమే జనం ముందు వరసలో కూర్చుంటారు. మీ యాప్ వాటిని ఖాళీ సమయం అనుకుని కత్తిరించింది. దాంతో అవధాని ముందే రాసుకున్న కాగితం చూసి గడగడా చదివినట్టుంది. కింద ఎవరో "బట్టీ పట్టి వచ్చాడు" అని కామెంట్ పెట్టారు. ఆ వీడియో మాత్రమే చూసినవాడు అట్లా అనుకోవడంలో తప్పు లేదు.

గంటల సంగతి ఇంకా విడ్డూరం. ఒకాయన మధ్యమధ్య గంట కొడుతుంటాడు, అవధాని పద్యాలు చెబుతూనే ఆ లెక్క మనసులో పెట్టుకుని చివర చెప్పాలి. మీ నాయిస్ క్లీనింగ్ ఆ గంటలన్నిటినీ రొద కింద లెక్కగట్టి తుడిచేసింది. చివరి క్లిప్పులో అవధాని "ఇరవై ఏడు" అంటారు, జనం చప్పట్లు కొడతారు. దేనికి ఇరవై ఏడో చూసేవాడికి దేవుడే చెప్పాలి.

నిలువు క్రాప్ గురించి రెండు ముక్కలు. మా కెమెరా 1920 బై 1080 లో తీస్తుంది. దాన్ని 9:16 చేస్తే అడ్డంగా దాదాపు 607 పిక్సెళ్లే మిగులుతాయి, అంటే మూడోవంతు కూడా కాదు. వేదిక మీద అవధాని మధ్యన, పృచ్ఛకులు రెండు పక్కలా కూర్చుంటారు. మీ యాప్ ఎవరి నోరు కదిలితే అటు పరుగెత్తుతుంది. ప్రశ్న వింటున్న అవధాని ముఖం ఒక్కసారి కూడా కనపడలేదు.

సబ్‌టైటిల్స్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పృచ్ఛకులు అన్నచోటల్లా "పిచ్చుకలు" అని వచ్చింది. "ఈనాటి పిచ్చుకలకు సన్మానం" అన్న క్లిప్ చూసి మా సమస్య మాస్టారు వారం పాటు నన్ను పిచ్చుకయ్యా అని పిలిచారు. ఇవి దిద్దుకోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ ప్రతి క్లిప్పుకూ కూర్చుని దిద్దుకోవడానికి మీ యాప్ ఎందుకు?

మీ యాప్ దేనికీ పనికిరాదని అనడం లేదు. వేమన మీద మేం పెట్టించిన ఉపన్యాసం నుంచి అది తీసిన మూడు క్లిప్పులు బాగానే వచ్చాయి. ఒక మనిషి నిలబడి వరసగా మాట్లాడితే దానికి పని తెలుసు. అయితే ఆ మాట మీరు అమ్మేటప్పుడే చెప్పాలి. అవధానం వీడియో లింకు పంపి "దీనికి పనిచేస్తుందా?" అని మేం అడిగితే, "బ్రహ్మాండంగా చేస్తుంది సార్" అన్న మెసేజ్ మా దగ్గర ఉంది.

మీ కస్టమర్ కేర్‌కు రాస్తే ప్రతిసారీ ఒకటే జవాబు: "మీ అభిప్రాయం మాకు విలువైనది, క్లిప్ నిడివి మార్చి ప్రయత్నించండి." చివరిసారి మాత్రం, పోస్టయిన దానికి బాధ్యత వాడుకునేవాళ్లదే అని షరతుల్లో ఉందన్నారు. మేం చూడకముందే మీరు పోస్ట్ చేసినదానికి బాధ్యత మాదెట్లా అవుతుంది?

మా కుర్రాడొకడు అదే సమస్యాపూరణను మామూలు ఎడిటింగ్ యాప్‌లో చేతితో అతికాడు. మాస్టారు ప్రశ్న, నాలుగు పాదాలు, ధారణలో పూర్తి పద్యం, చప్పట్లు, అంతా కలిపి రెండు నిమిషాల చిల్లర. యూట్యూబ్ 2024 అక్టోబర్ 15 నుంచి షార్ట్స్‌ను మూడు నిమిషాల దాకా అనుమతిస్తోంది కాబట్టి నిడివి అడ్డు కాలేదు. వాడు మౌనాలు కోయలేదు, గంటలు తుడవలేదు.

మేం అడిగేది ఇది. మిగిలిన నెలలకు మా డబ్బు వాపసు ఇవ్వండి. మేం ఎక్కించిన రికార్డింగులన్నీ మీ సర్వర్ల నుంచి తీసేసి, వాటిని మీ యంత్రానికి నేర్పడానికి వాడలేదని రాతపూర్వకంగా చెప్పండి. ఆటో పోస్ట్‌ను ముందుగానే ఆన్ చేసి ఉంచడం మానేయండి, ఇది మాకోసమే కాదు. జరిగినదానికి అవధాని గారి పేర క్షమాపణ లేఖ పంపండి. ఈ చివరిదాని విషయంలో బేరం లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉన్నచోటే కేసు వేయవచ్చు, మీ ఆఫీసు ఉన్న ఊరికి మేం రావాల్సిన పనిలేదు.

బిల్లు, సేల్స్ మెసేజ్ స్క్రీన్‌షాట్, మీరు పోస్ట్ చేసిన క్లిప్, మా కుర్రాడు అతికిన క్లిప్ జతచేస్తున్నాను. రెండు క్లిప్పులనూ తెలుగు వచ్చిన మనిషి చేత చూపించి, అప్పుడు జవాబు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి,
సాహితీ సంస్థ, ప్రొద్దుటూరు