‘తల్లీబిడ్డా క్షేమం’ అన్నాక మళ్లీ ఎవరూ అడగలేదు

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నా బిడ్డ టీకాల కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పుట్టిన రోజు బరువు, ఆరో వారం బరువు, పదో వారం, పద్నాలుగో వారం... అన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఏ టీకా ఏ తేదీన వేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంది. ఆరో వారం టీకాకు వెళ్లిన రోజుకి నేను సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు. మెట్ల దగ్గరికి వెళ్తే చాలు, పాప నా చేతుల్లోంచి జారి పడిపోయినట్టు కళ్లకు కట్టేది. అందుకే ఆ రోజు పాపను మా ఆయన చేతికిచ్చి, నేను గోడ పట్టుకుని మెట్లు దిగాను. ఆసుపత్రిలో సిస్టర్ పాపను తూచి, బాగా పెరిగిందని సంతోషపడింది. టీకా వేసింది. రాత్రికి జ్వరం వస్తే ఏం చేయాలో ఓపిగ్గా చెప్పింది. కాసేపట్లో బయటికి వచ్చేశాం.

ఆమెను తప్పుపట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆమె చేయాల్సిన పనుల్లో ‘తల్లి ఎలా ఉంది’ అని అడగడం లేనే లేదు. ఉండి ఉంటే తప్పకుండా అడిగేదని నా నమ్మకం. ఆ పనిని చేర్చగలిగింది మీరు.

కాన్పు కాగానే బయట ఎదురుచూసే వాళ్లకు ‘తల్లీబిడ్డా క్షేమం’ అని చెబుతారు. ఆ పూటకి అది నిజమే. తర్వాత మూడో రోజో నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే మనసు చివుక్కుమనడం సగానికి పైగా బాలింతల్లో ఉంటుంది. అది రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, మందు అక్కర్లేదు. సర్దుకోకుండా రోజురోజుకీ ముదురుతుంటే దాన్ని డిప్రెషన్‌గా చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, కాన్పు తర్వాత దాదాపు 13 శాతం మంది తల్లులు మానసిక సమస్యలతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు. వర్ధమాన దేశాల్లో ఇది 19.8 శాతం. అంటే టీకా రోజున వరసలో కూర్చున్న ప్రతి ఐదుగురు తల్లుల్లో దాదాపు ఒకరు. గర్భంతో ఉన్నప్పుడే ఆ దేశాల్లో 15.6 శాతం మంది ఈ బాధ పడుతున్నారు.

ఇంతమంది ఉంటే ఎందుకు చెప్పుకోరని మీరు అడగవచ్చు. ‘అందరూ కనలేదా, నీకొక్కదానికేనా’ అనే మాట ఒక కారణం. అంతకంటే పెద్దది భయం. పాప పడిపోతున్నట్టు కనిపించే సంగతి బయటపెడితే, ఇలాంటిదాని దగ్గర బిడ్డను ఉంచకూడదని పాపను నాకు దూరం చేస్తారనుకున్నాను. నాలుగు నెలలు మా ఆయనకు కూడా చెప్పలేదు. చివరికి ఒక డాక్టరమ్మ దగ్గర నోరు విప్పితే ఆవిడ ఏమీ కంగారు పడలేదు. వద్దనుకున్నా వచ్చే ఇలాంటి ఊహలు కొత్త తల్లుల్లో చాలామందికి వస్తాయని, అవి చూసి నేను ఇంత భయపడుతున్నానంటే బిడ్డను కాపాడుకోవాలన్న ఆరాటం అంత ఉందని చెప్పింది. ఆ మాట నాకు ఆరో వారంలో ఎవరైనా చెప్పి ఉంటే, నా బిడ్డ తొలి నెలలు నాకు గుర్తుండేవి.

ఆవిడ ముందు రక్తపరీక్ష చేయించింది. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ దెబ్బతింటుంది, రక్తం తక్కువైనా నీరసం, దిగులు ఇలాగే ఉంటాయి కాబట్టి అవి కూడా చూడాలట. తర్వాత మందు రాసింది. పాలు మాన్పించాలేమోనని నేను బెంగపడ్డాను. డిప్రెషన్‌కి వాడే సెర్ట్రాలిన్ లాంటి మందులు పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తాయని, పాలిస్తూనే వాడవచ్చని విడమరచి చెప్పింది. ఈ సంగతి తెలియక మందు మానేసే తల్లులు ఎందరో, పాలు మానేసే తల్లులు ఎందరో.

అడగడం కష్టమేమీ కాదు. బాలింతల్లో డిప్రెషన్‌ను గుర్తించడానికి ఎడిన్‌బరో ప్రశ్నావళి 1987 నుంచి ఉంది. పదే ప్రశ్నలు. గడిచిన ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, ఏడ్చారా అని అడుగుతుంది. ఐదు నిమిషాల పని. పదో ప్రశ్న, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. అది అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొందరు జంకుతారు. అలా పుట్టదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకునే వాళ్లే ఎక్కువ. ఒక్క మనవి మాత్రం ఉంది. ఆ ప్రశ్నలు అత్తగారి ముందో భర్త ముందో, పది మంది ఉన్న హాల్లోనో అడిగితే అందరూ ‘బాగానే ఉన్నాను’ అనే అంటారు. నేనూ అదే అనేదాన్ని. తలుపు మూసిన గదిలో అడగాలి.

అడిగాక ఏం చేయాలన్నదే అసలు సంగతి. సైకియాట్రిస్టులు ప్రతిచోటా దొరకరని మీ అధికారులు అంటారు. నిజమే. కానీ పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి గ్రామాల్లో ఏం చేశారో చూడండి. ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డల బాగోగులు చూసే మామూలు ఆరోగ్య కార్యకర్తలకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. వాళ్లు గర్భంతో ఉన్నప్పుడే డిప్రెషన్ ఉన్న తల్లి దగ్గర చివరి నెల నుంచి కూర్చుని, ఆమె ఆలోచనల్లో ఏది ఆమెను కుంగదీస్తోందో కలిసి వెతికారు, బిడ్డతో ఆడుకోవడం గురించి మాట్లాడారు, ఇంట్లో వాళ్లను కలుపుకున్నారు. ఫలితం 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈ సాయం అందిన తల్లుల్లో ఆరు నెలలకు 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. మామూలుగా ఇంటికి వచ్చి చూసి వెళ్లిన చోట 53 శాతం. మొదటి గుంపు తల్లుల బిడ్డలకు విరేచనాలు తక్కువ, టీకాలు పూర్తిగా పడ్డవాళ్లు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని చేపుస్తకంగా అచ్చువేసి అందరికీ ఇస్తోంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. మనుషులను పెట్టి, వాళ్ల మిగతా పని భారం తగ్గించి, జీతం సరిగ్గా ఇవ్వాలి. ఉన్నవాళ్ల నెత్తినే ఇంకో రిజిస్టర్ పెడితే మాత్రం ఇది కాగితం మీదే మిగిలిపోతుంది.

తల్లి గురించే ఇంత మాట్లాడుతున్నానని అనుకోకండి, ఇది బిడ్డ సంగతి కూడా. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. బిడ్డతో ఆడుకుంటున్న తల్లిని కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూడమన్నారు. బిడ్డ మొదట నవ్వుతుంది, చేతులు చాస్తుంది, అయినా తల్లి పలకకపోతే ముఖం తిప్పుకుని ఏడుస్తుంది. తల్లి మళ్లీ నవ్వితే బిడ్డ తిరిగి కలుస్తుంది. దాని గురించి చదివిన రోజు నేను చాలాసేపు ఏడ్చాను. మళ్లీ కలుస్తుందన్న మాటే నన్ను నిలబెట్టింది.

తండ్రుల సంగతి ఎవరికీ పట్టదు. భార్య గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు ఏడాది నిండేలోపు పది మంది తండ్రుల్లో దాదాపు ఒకరికి డిప్రెషన్ వస్తుందని 2010లో పలు అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలనలో తేలింది. తల్లి కుంగిపోయిన ఇంట్లో ఆ అవకాశం ఇంకా ఎక్కువ. మా ఆయన రాత్రంతా పాపను ఎత్తుకుని తిరిగి పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లేవాడు. ఊరికే విసుక్కుంటున్నాడని నేననుకున్నాను. అతను కూడా మునిగిపోతున్నాడని చాలా తర్వాత తెలిసింది. ఆ ప్రశ్నలు అతన్నీ అడగండి.

ఇక వెయ్యి మంది బాలింతల్లో ఒకరిద్దరికి వచ్చే జబ్బు ఉంది, సైకోసిస్. ఎక్కువగా మొదటి రెండు వారాల్లో ఉన్నట్టుండి మొదలవుతుంది. నిద్ర ఉండదు, పొంతన లేని మాటలు, లేని గొంతులు వినిపించడం, అయినవాళ్ల మీదే అనుమానాలు. ఇంతకుముందు బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ. నాకు వచ్చిన ఊహలు వేరు, ఇది వేరు. నా ఊహలకు నేను భయపడ్డాను, సైకోసిస్ వచ్చిన తల్లికి అవి నిజమే అనిపిస్తాయి. ఈ తేడా కాన్పు వార్డులో ప్రతి సిస్టర్‌కీ తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇది రేపటి దాకా ఆగే జబ్బు కాదు. అలాంటి తల్లిని బిడ్డతో సహా చేర్చుకునే వార్డులు బ్రిటన్‌లో 1940ల చివర్లోనే మొదలయ్యాయి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009లో పెట్టారు. తల్లిని ఒకచోట, పాలు తాగే బిడ్డను ఇంకోచోట ఉంచి వైద్యం చేయడం కన్నా అది ఎంత మేలో చెప్పక్కర్లేదు.

నేను అడిగేవి పెద్దవి కావు. టీకాల కార్డులో బిడ్డ బరువు పక్కన తల్లికి ఒక గడి పెట్టండి. ఆ గడిలో ఆందోళన కనిపిస్తే వారంలోపు ఆమె ఇంటికి మాట్లాడే మనిషి వెళ్లాలి. పెద్దాసుపత్రుల్లో తల్లీబిడ్డలకు కలిపి కొన్ని మంచాలు ఉండాలి.

ఇంకొకరు ఉన్నారు. కడుపులోనే బిడ్డను పోగొట్టుకుని, లేదా పుట్టిన కొద్ది రోజులకే పోగొట్టుకుని, ఒట్టి చేతులతో ఇంటికి వెళ్లిన తల్లి. ఆమెకు టీకా రోజు ఉండదు, కార్డు ఉండదు. ఆమెను ఎవరూ పిలవరు. ఆమె ఇంటికి ఎవరు వెళ్లాలో, ఏ తేదీన వెళ్లాలో డిశ్చార్జి కాగితం మీదే రాసి పంపించే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ఒక తల్లి