వేషం మారితే కొత్త ఆట అవుతుందా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. గేమ్ డిజైన్ రంగంలోకి రాదలచిన విద్యార్థుల కోసం మీ పత్రికలో ఇటీవల వచ్చిన కథనాన్ని శ్రద్ధగా చదివాను. అందులో ఉపయోగపడే విషయాలు చాలానే ఉన్నాయి. అయితే జనాదరణ పొందిన ఒక ఆటను ఎంచుకుని, దాని పాత్రలనూ రంగులనూ నేపథ్యాన్నీ మన ప్రాంతానికి తగినట్టు మార్చుకుంటే సొంత ఆట సిద్ధమవుతుందన్న సలహా మాత్రం నాకు మింగుడుపడలేదు. కొంతకాలం ఒక గేమ్ స్టూడియోలో పనిచేసి, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఇదే విద్యను బోధిస్తున్నవాడిగా ఈ విషయంపై కొంత వివరంగా రాయడానికి అనుమతించగలరు.

మీ కథనం సూచించిన పనికి మా స్టూడియోల్లో రీస్కిన్ అని పేరు. లోపలి లెక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి పైతోలు మార్చడమన్నమాట. ఆ పని నేనూ చేశాను. మూడు పండ్లను జతపరిచే ఒక ఆటలో పండ్లు తీసి మిఠాయిలు, దీపావళి వచ్చేసరికి మిఠాయిలు తీసి చిచ్చుబుడ్లు పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. అన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆటను గురించి ఆలోచించవలసిన అవసరం మాకు రాలేదు. ఆ రోజుల్లో దానిని మేము సౌకర్యంగానే భావించాము.

అరువు తెచ్చుకోవడమే తప్పని నేను అనడం లేదు. 1984లో మాస్కోలోని సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తూ అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్‌ను తయారుచేసినప్పుడు ఆయన మనసులో పెంటామినో అనే పాత పజిల్ ఉంది. ఐదేసి చదరాలు అతికిన పన్నెండు ముక్కలను ఒక పెట్టెలో సందు లేకుండా సర్దడమే ఆ పజిల్. ఆయన ఐదు చదరాలను నాలుగు చేశారు, దాంతో ముక్కలు ఏడుకు తగ్గాయి. ముక్కలను పైనుంచి ఒక్కొక్కటిగా రాలేటట్టు చేశారు, చేయగానే తెర క్షణాల్లో నిండిపోయి ఆట ముగిసిపోసాగింది. అందుచేత నిండిన వరుస మాయమయ్యే ఏర్పాటు చేయవలసి వచ్చింది. వరుసలు మాయం కావడం మొదలయ్యాక అసలు పజిల్ స్వభావమే తలకిందులైంది. పెంటామినోలో పెట్టె నిండితే గెలుపు, టెట్రిస్‌లో తెర నిండితే ఓటమి. పైగా టెట్రిస్‌లో గెలుపన్నదే లేదు, ఓటమిని వీలైనంత దూరం వాయిదా వేయడమే ఉన్నది.

ప్రేరణకూ అనుకరణకూ మధ్య గీత ఎక్కడుందని విద్యార్థులు అడిగినప్పుడు నేను ఈ ఉదాహరణే చెబుతాను. మరొకరి ఆటలో మీరు ఒక మార్పు చేస్తే, ఆ మార్పు మిగతా భాగాలను కదిలించి కొత్త చిక్కులు తెచ్చిపెట్టాలి, ఆ చిక్కులను విప్పే బాధ్యత మీ మీద పడాలి. మార్పు చేసిన తర్వాత కూడా మిగతా ఆటంతా చెక్కుచెదరకుండా ఉన్నదంటే, మీరు ముట్టుకున్నది ఆటను కాదు, దాని మీది రంగును. ఎంత తీసుకున్నారన్న కొలత ఇక్కడ పెద్దగా పనికిరాదు. కొద్దిగా తీసుకున్నవాడు కేవలం అనుకర్త కావచ్చు, చాలా తీసుకున్నవాడు దానిని పూర్తిగా కొత్త దారి పట్టించి ఉండవచ్చు.

న్యాయస్థానాలు ఈ గీతను వేరే చోట గీస్తాయి. 2009లో ఒక చిన్న అమెరికా సంస్థ ఐఫోన్ కోసం మినో అనే ఆటను విడుదల చేసింది. టెట్రిస్ హక్కుదారులు దావా వేయగా, టెట్రిస్‌ను చూసే చేశామని ఆ సంస్థ దాచకుండా ఒప్పుకుంది, చట్టం ఏవి తీసుకోనిస్తుందో ముందుగా పరిశీలించుకుని అవే తీసుకున్నామని వాదించింది. ఆట నియమాలకు కాపీరైట్ ఉండదన్న సూత్రాన్ని న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు కాదనలేదు. అయితే పది గడుల వెడల్పు, ఇరవై గడుల ఎత్తు గల తెర, ముక్కల రంగులు, వాటి పొందిక, రాలుతున్న ముక్క ఎక్కడ ఆగుతుందో చూపే నీడ వంటివి నియమాలు విధించినవి కావనీ, ఎవరో కూర్చుని ఎంచుకున్నవనీ, వాటిని అలాగే ఎత్తిరాయడం ఉల్లంఘనేననీ 2012లో తీర్పు చెప్పింది. మినో తయారీదారులు ఒక విధంగా మా రీస్కిన్ పనివాళ్ల కంటే బద్ధకస్తులు, పైతోలు మార్చే శ్రమ కూడా వాళ్లు పడలేదు.

పైతోలు మార్చినవాళ్ల సంగతి అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రంలో తేలింది. ట్రిపుల్ టౌన్ అనే ఆటలో మూడు గడ్డిమొక్కలు కలిస్తే పొద, మూడు పొదలు కలిస్తే చెట్టు, మూడు చెట్లు కలిస్తే గుడిసె అవుతాయి, మధ్యలో ఎలుగుబంట్లు తిరుగుతూ దారికి అడ్డం పడతాయి. ఆ ఆటను ప్రచురించే విషయమై దాని తయారీదారులతో సంప్రదింపులు జరిపిన సంస్థే ఎలుగుబంట్ల స్థానంలో మంచుకొండల యెటీలను (హిమమానవులను) పెట్టి యెటీ టౌన్ పేరిట సొంత ఆటను విడుదల చేసింది. ట్రిపుల్ టౌన్ వాళ్లు వేసిన దావాను ఆదిలోనే కొట్టివేయడానికి న్యాయమూర్తి నిరాకరించారు, చివరకు రాజీలో యెటీ టౌన్ హక్కులు ట్రిపుల్ టౌన్ వాళ్లకే దక్కాయి. నేపథ్యం మారిస్తే చాలు, ఇబ్బంది ఉండదని నమ్మే మన విద్యార్థులు ఈ వ్యాజ్యం గురించి ఒకసారి చదవడం మంచిది.

ఇంత తేలికగా తేలని ఉదంతం ఒకటున్నది, నేను ఎక్కువగా ఆలోచించేదీ దాని గురించే. 2014 ఫిబ్రవరిలో త్రీస్ అనే ఫోన్ ఆట వచ్చింది. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు గల చిన్న పలక మీద అంకెల గడులను వేలితో తోయడం, ఒకటీ రెండూ కలిపి మూడు చేయడం, ఆ పైన ఒకే అంకె గల జంటలను కలుపుతూ పోవడం, అంతే ఆట. ఈ మాత్రం నిరాడంబరతకు చేరడానికి ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్‌వెండ్‌లకు ఏడాది పైగా పట్టింది. అంకెల బదులు రకరకాల బొమ్మలు పెట్టి చూశారు, నియమాలు చేర్చి మళ్లీ తీసేశారు, ఆ మధ్యకాలంలో తాము రాసుకున్న ఉత్తరాలను తర్వాత వాళ్లే బయటపెట్టారు. త్రీస్ వెలువడిన నెల రోజులకే ఇటలీకి చెందిన పంతొమ్మిదేళ్ల గాబ్రియేలే చిరుల్లి వారాంతంలో కూర్చుని, రెండూ రెండూ నాలుగు, నాలుగూ నాలుగూ ఎనిమిది అంటూ జంటలను కలుపుతూ పోయే 2048 తయారుచేసి ఉచితంగా అందరి ముందూ పెట్టాడు. ప్రపంచంలో చాలామందికి తెలిసినది 2048 మాత్రమే, త్రీస్ పేరు వినగానే అది 2048కు నకలేమోనని అనుమానించినవారు కూడా ఉన్నారు.

నా కొలతతో చూస్తే 2048ను ఉత్త నకలని కొట్టిపారేయలేను. త్రీస్‌లో ఒక్కసారి తోస్తే గడులు ఒక్క అడుగే జరుగుతాయి, 2048లో గోడ తగిలేదాకా జారిపోతాయి. ఈ ఒక్క మార్పుతో ఆట తేలికైంది, వేగం పుంజుకుంది, బస్సు కోసం నిలబడ్డవాడు కూడా ఆడగలిగేదిగా మారింది. అంటే మిగతా ఆట కదిలిన మాట నిజమే. కాని ఆ కదలిక తెచ్చిన చిక్కును విప్పినవారు లేరు. గడులన్నిటినీ ఒక మూలకు తోసుకుంటూ పోతే పెద్దగా ఆలోచించకుండానే చాలా దూరం వెళ్లవచ్చు. ఇలాంటి సందును తాము తయారీ సమయంలోనే గమనించి మూసివేశామని త్రీస్ తయారీదారులు చెప్పుకున్నారు. ఒకరు తెలిసి వదిలేసిన దారిలో మరొకరు తెలియక నడిచి పేరు తెచ్చుకోవడం ఈ రంగంలో విచిత్రమేమీ కాదు. చిరుల్లి మాత్రం తన ఆటకు ముందు వచ్చిన ఆటల పేర్లను నిజాయితీగా చెప్పాడు, మొదట్లో ఆ ఆట పేరుతో డబ్బు చేసుకోవాలని కూడా చూడలేదు. ఆ తర్వాత 2048కు నకళ్లు పుట్టించి ప్రకటనలు నింపుకున్న వందలాది మంది విషయంలో ఆ మాట చెప్పలేము.

మన దేశపు న్యాయస్థానాలు కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. కథావస్తువుకూ ఆలోచనకూ కాపీరైట్ ఉండదనీ, ఆ ఆలోచన వ్యక్తమైన తీరుకే ఉంటుందనీ సుప్రీంకోర్టు 1978లోనే, ఒక నాటకాన్ని సినిమాగా ఎత్తిరాశారన్న ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యంలో స్పష్టం చేసింది. ఆటల విషయానికి వస్తే, పలక మీద అక్షరాలతో మాటలు పేర్చే స్క్రాబుల్‌ను పోలిన స్క్రాబులస్‌ను కోల్‌కతాకు చెందిన అన్నదమ్ములు ఇద్దరు ఫేస్‌బుక్‌లో నడిపినప్పుడు, స్క్రాబుల్ హక్కులు గల మాటెల్ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. స్క్రాబుల్ పలక మీది రంగు గడుల అమరిక ఆట నియమంతో విడదీయరానిదిగా కలిసిపోయి ఉన్నదనీ, కాబట్టి దానికి కాపీరైట్ చెల్లదనీ 2008లో హైకోర్టు అభిప్రాయపడింది. పేరు మాత్రం జనాన్ని తికమకపెట్టేలా ఉన్నదని దాని వాడకాన్ని ఆపించింది. టెట్రిస్ తెర కొలతలను రక్షించిన అమెరికా తీర్పునూ, స్క్రాబుల్ పలకను వదిలేసిన ఢిల్లీ తీర్పునూ పక్కపక్కన పెట్టి చదివితే, నియమం ఎక్కడ ముగిసి రూపం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం న్యాయమూర్తులకు కూడా సులభం కాదని అర్థమవుతుంది.

అలాగని చట్టాన్ని ఇంకా బిగించాలని కోరేవారితో నేను ఏకీభవించను. లోడింగ్ జరుగుతున్నంతసేపూ తెర మీద మరో చిన్న ఆట ఆడుకునే పద్ధతిపై నామ్కో సంస్థకు అమెరికాలో 2015 వరకు పేటెంట్ ఉండేది, ఆ కాలమంతా మిగతావారి ఆటల్లో నిండుతున్న గీతను చూస్తూ కూర్చున్న తరంలో నేనూ ఒకడిని. 2024 సెప్టెంబరులో పాల్‌వరల్డ్ అనే ఆట తయారీదారుల మీద నింటెండో, పోకెమాన్ కంపెనీ టోక్యో జిల్లా కోర్టులో వేసిన దావా కూడా పేటెంట్లను ఆధారం చేసుకున్నదే. అందులోని జంతువుల రూపాలు పోకెమాన్‌ను గుర్తుచేస్తున్నాయన్న విమర్శ చాలామంది చేశారు, అది చర్చించదగిన విమర్శే. కాని దావా రూపాల మీద కాకుండా ఆడే పద్ధతుల మీద పడింది. మన 1970 పేటెంట్ల చట్టం ఆట ఆడే పద్ధతిని ఆవిష్కరణగా గుర్తించరాదని 3వ సెక్షన్‌లో, 2002 నాటి సవరణతో, చెప్పింది. ఆ ఒక్క వాక్యం మన యువ డిజైనర్లకు ఎంత వెసులుబాటు ఇస్తున్నదో వారిలో చాలామందికి తెలియదు. వైకుంఠపాళికి ఆనాడు ఎవరైనా పేటెంటు తీసుకుని ఉంటే, మన ఇళ్లలో గవ్వలు విసిరి అరుకాసురుడి నోట పడ్డ ప్రతివాడూ ఎవరికో రుసుము కట్టవలసి వచ్చేది.

మీ కథనం విద్యార్థులకు అభ్యాసం కోసమే ఆ సలహా ఇచ్చిందని ఎవరైనా అనవచ్చు. అభ్యాసానికైతే నాకు అభ్యంతరం లేదు, మొదటి సంవత్సరంలో పాత ఆటలను అచ్చుగుద్దినట్టు తిరిగి తయారుచేయించే వారిలో నేనూ ఉన్నాను. సంగీతం నేర్చుకునే పిల్లలు సరళీ స్వరాలు పాడినట్టే అది. కాని సరళీ స్వరాలను సొంత రచనగా కచేరీలో పెట్టడాన్నీ, టికెట్ పెట్టి అమ్మడాన్నీ ఏ గురువూ ప్రోత్సహించడు.

గత సంవత్సరం నా తరగతిలో ఇద్దరు విద్యార్థులు 2048 ఆధారంగా తెలుగు ఆటలు చేస్తామన్నారు. మొదటి అబ్బాయి రెండు అంకె స్థానంలో అ, నాలుగు స్థానంలో ఆ, ఎనిమిది స్థానంలో ఇ పెట్టి, చుట్టూ పలక, బలపం బొమ్మలు చక్కగా వేసుకొచ్చాడు. రెండు ‘ఆ’లు కలిస్తే ‘ఇ’ ఎందుకవుతుందని అడిగాను. వర్ణమాలలో తర్వాతి అక్షరం అదే కదండీ అన్నాడు. అక్షరాలు తీసి మళ్లీ అంకెలు పెడితే అది 2048యే, ఒక్క గడి కూడా తేడాగా కదలదు.

రెండో అమ్మాయి పదో తరగతి వ్యాకరణం ముందేసుకుని కూర్చుంది. అ, అ కలిస్తే ఆ, ఇ, ఇ కలిస్తే ఈ అని సవర్ణదీర్ఘంతో మొదలుపెట్టి, అ పక్కన ఇ వస్తే ఏ, ఉ వస్తే ఓ అని గుణసంధి చేర్చింది. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. అ ముందుండి ఇ వెనక ఉంటే ఏ అవుతుంది, కాని ఇ ముందుండి అ వెనక ఉంటే యణాదేశం వచ్చి య అవుతుంది. అంకెల ఆటలో ఏ గడి ముందున్నా ఒకటే, ఇక్కడ పూర్వస్వరమేదో పరస్వరమేదో చూసుకోకుండా వేలు కదపడానికి వీల్లేదు. దాంతో ఆడే తీరే మారిపోయింది, మూలకు తోసే పాత ఉపాయం పనికిరాకుండా పోయింది. ఆ అమ్మాయి తన ఆట మొదటి తెర మీదనే త్రీస్‌కూ 2048కూ రుణపడి ఉన్నానని రాసుకుంది. మీ పత్రిక కొత్త ఆటలను పరిచయం చేసేటప్పుడు, ఆ ఆట ఏ ఆట నుంచి వచ్చిందో, వచ్చాక దానిలో ఏమి కదిలిందో ఒక్క పేరాలోనైనా రాయవలసిందిగా నా మనవి.

వృద్ధిసంధి దగ్గర ఆమె చాలా రోజులు ఆగిపోయింది. అకారానికి ఏ పరమైతే ఐ, ఓ పరమైతే ఔ వస్తాయి, ఆ తర్వాత వాటిని కలిపే దారి కనిపించక పలకంతా ఐ, ఔలతో నిండిపోయి ఆట తొందరగా ముగిసేది. చివరకు మా కళాశాల తెలుగు పండితులు యాంతవాంతాదేశం గుర్తుచేశారు. నై, అక కలిసి నాయక అయినట్టు, ఐ వెనక అచ్చు వస్తే ఆయ్‌గా మారుతుంది. దానిని ఆటలో చేరిస్తే గడులు ఖాళీ అవుతాయో, ఇంకా ఇరుకవుతాయో తేల్చడానికి ఈ వారం తరగతిలో అందరమూ ఆడి చూస్తున్నాము.

ఇట్లు,
భవదీయుడు,
ఒక గేమ్ డిజైన్ అధ్యాపకుడు,
హైదరాబాద్