సూప్ లేని రామెన్: గిన్నె చిన్నదైనా పర్వాలేదు, నూనె తగ్గించవద్దు

సంపాదకులకు నమస్కారం.

నగరంలో దొరికే విదేశీ వంటకాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం జపాన్ వంటకమైన రామెన్‌ను సూప్‌లో వేసిన నూడుల్స్‌గానే పరిచయం చేసింది. సూప్ అసలే లేని రామెన్ కూడా ఒకటుంది. దాన్ని మన విశాఖలో వడ్డిస్తున్న తీరు బాగాలేదని చెప్పడానికే ఈ లేఖ.

అబురా సోబా అనే ఈ వంటకం 1950లలో టోక్యో పశ్చిమ శివార్లలో మొదలైంది. ఇందులోనే తైవాన్ మజెసోబా అనే ఘాటైన రకం 2008లో జపాన్ నగరమైన నగోయాలోని మెన్యా హనాబి అనే దుకాణంలో పుట్టింది. మా అబ్బాయి ఉద్యోగరీత్యా నగోయాలో ఉన్నప్పుడు నేను దాన్ని అక్కడే తిన్నాను. గిన్నె అడుగున సోయాతో చేసిన చిక్కని సాస్, కొవ్వు వేసి, వాటిపై నీరు వార్చిన లావుపాటి నూడుల్స్ పెడతారు. ఆ నూడుల్స్‌ను ముందే కర్రతో కలియబెట్టి పైపొర గరుకెక్కేలా చేస్తారు కనుక సాస్ ప్రతి పోగుకూ పట్టుకుంటుంది. ఆపైన కారంగా వేయించిన పంది ఖీమా, ఉల్లికాడలు, తరిగిన వెల్లుల్లి, ఎండుచేపల పొడి, నాచు రేకులు, మధ్యలో పచ్చి గుడ్డు సొన ఉంటాయి. గిన్నె ముందుకు రాగానే అడుగు నుంచి పైకి బాగా కలిపి, వేడి తగ్గకముందే తినాలి. సగం అయ్యాక కాస్త వెనిగర్ పోసుకుంటే బరువు తేలికపడుతుంది. చివర్లో కొద్దిగా అన్నం అడిగి, ఆవకాయ కలిపిన పళ్లెంలో మరో ముద్ద వేసుకుని తుడుచుకున్నట్లే, అడుగున మిగిలిన సాస్‌లో కలుపుకుంటారు. ఆ ముద్ద కోసమే మళ్లీ వెళ్లవచ్చనిపించింది.

ఇటీవల బీచ్ రోడ్డు దగ్గర ఒక హోటల్లో ఇదే వంటకం అడిగితే, మనవాళ్లకు అంత నూనె నచ్చదంటూ కొవ్వు తగ్గించి, పైన గరిటెడు సూప్ పోసి తెచ్చారు. రెండు నిమిషాల్లో నూడుల్స్ ముద్దకట్టాయి. సూప్ లేనిచోట పోగులను విడదీసేదీ, వాసనను నోటికి చేర్చేదీ ఆ కొవ్వే కాబట్టి, దాన్ని తీసేస్తే వంటకమే మిగలదు. బరువు అనుకుంటే సగం గిన్నె, దానికి తగ్గ ధర పెట్టవచ్చు.

అయితే ఇందులో ఏముందో తినేవారికి ముందే తెలియాలి. మామూలు రామెన్‌లో సూప్ వదిలేస్తే ఉప్పు చాలావరకు గిన్నెలోనే ఉండిపోతుంది. ఇక్కడ సాస్ అంతా కడుపులోకే వెళుతుంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నందున, రక్తపోటు ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. పంది కొవ్వు ముట్టనివారు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. మెనూలో కేలరీలు చూపాలన్న 2020 నాటి కేంద్ర నిబంధన పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్లను ఉద్దేశించినది. చిన్న హోటళ్లు ఏ కొవ్వు, ఏ చేప వాడారో తెలుగులో రెండు ముక్కలు రాసిపెట్టడానికి మాత్రం ఏ నిబంధనా అక్కరలేదు. జపాన్‌లో గుడ్లను పచ్చిగా తినేందుకు వీలుగా శుభ్రపరచి, గడువు తేదీతో అమ్ముతారు. ఆ ఏర్పాటు లేనిచోట పచ్చసొనకు బదులు ఉడికించిన గుడ్డే మేలు. చేపల పొడికి మన తీరంలో దొరికే ఎండు నెత్తళ్లు చక్కగా సరిపోతాయని నా నమ్మకం.

ఈ వంటకం వడ్డిస్తున్న హోటళ్లవారి మాట కూడా తీసుకుని మీ అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం