కీళ్ల నొప్పి పిల్లలకు ముందు రక్తపరీక్ష, తర్వాతే స్టెరాయిడ్

సంపాదకుడు గారికి,

అయ్యా,

2006లో చికున్‌గున్యా మంచాన పడేసి వెళ్లినప్పటి నుంచి మా కోనసీమలో కీళ్ల నొప్పి అంటే ఎవరికీ పెద్దగా భయం లేకుండా పోయింది. నాలుగేళ్ల మా మనవరాలు మోకాళ్లు పట్టుకుని ఏడ్చినప్పుడు ఊళ్లో వైద్యం చేసే ఆయన కీళ్లవాతమని స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. మూడో రోజుకే పిల్ల లేచి ఆడుకుంటుంటే ఆయన హస్తవాసిని వీధంతా చెప్పుకున్నాం. మందు ఆపగానే నొప్పి తిరగబెట్టడం, మళ్లీ అవే మాత్రలు వేయడం, ఇలా రెండు నెలలు గడిచాక గానీ కాకినాడలో ఎముక మజ్జ పరీక్ష జరగలేదు. తేలింది లుకేమియా.

పిల్లల్లో ఈ రక్త క్యాన్సర్ కొన్నిసార్లు అచ్చం కీళ్లవాతంలాగే మొదలవుతుందనీ, మజ్జలో పెరిగిన క్యాన్సర్ కణాలు ఎముక పైపొరలోకి, కీలు లోపలి పొరలోకి చేరడమే ఆ నొప్పికి కారణమనీ అక్కడి వైద్యులు వివరించారు. స్టెరాయిడ్ లుకేమియా చికిత్సలోనూ ఒక భాగమే. ఒంటరిగా వాడితే ఆ కణాలను కొంతవరకే చంపి, జబ్బును కప్పిపుచ్చి, తర్వాత చేసే మజ్జ పరీక్షను కూడా తారుమారు చేయగలదు. ఉపశమనాన్ని మేము నయం కావడమనుకున్నది అందుకే.

కీళ్ల నొప్పి ఉన్న పిల్లల్లో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు, నిజమైన కీళ్లవాతానికి స్టెరాయిడ్ అవసరం కావచ్చు కూడా. కాబట్టి తల్లిదండ్రులను బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు. అయితే వాపు కనిపించినదానికంటే నొప్పి మించి ఉండటం, రాత్రిళ్లు నిద్రలేపడం, జ్వరం వదలకపోవడం, పిల్ల పాలిపోవడం వంటివి ఉంటే ఆగి ఆలోచించాలి. కీళ్లవాతంలో, ఒంట్లో వాపు ఎంత ఉందో రక్తపరీక్షలో సూచించే ఈఎస్ఆర్‌తో పాటు ప్లేట్‌లెట్లు కూడా సాధారణంగా పెరుగుతాయి. ఈఎస్ఆర్ బాగా పెరిగినా ప్లేట్‌లెట్లు తక్కువగానో మామూలుగానో ఉంటే అనుమానించాల్సిందే. రక్తంలో క్యాన్సర్ కణాలు కనిపించనంత మాత్రాన లుకేమియా లేదనడానికీ వీల్లేదు.

అందువల్ల పిల్లలకు కీళ్ల నొప్పికి స్టెరాయిడ్ ఇచ్చే ముందు పూర్తి రక్తపరీక్ష చేయించాలనీ, మిషన్ ఇచ్చిన అంకెలతో సరిపెట్టకుండా రక్తపు చుక్క పూసిన గాజు స్లైడును, సూక్ష్మదర్శినిలో కణాలను పరిశీలించే పాథాలజిస్టుకు చూపించాలనీ జిల్లా వైద్యాధికారులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, గ్రామీణ వైద్యులకు స్పష్టంగా ఆదేశించాలి. మలేరియా కోసం ఇంటికొచ్చి రక్తం స్లైడు తీసుకెళ్లే ఆరోగ్య కార్యకర్తలు మన ఊళ్లకు కొత్త కాదు. ఈ స్లైడునూ అలాగే అమలాపురం చేర్చే ఏర్పాటు చేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు