వేట కాలానికి ముందే విల్లు సిద్ధం కావాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో విల్లంబులతో ఎల్క్ అనే పెద్ద జింకలను వేటాడే కాలం సెప్టెంబరులో వస్తుంది. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ కొందరు లైసెన్సు తీసుకుని ఈ వేటకు వెళుతున్నారు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించిన పని ఇక్కడ చట్టబద్ధం కనుక, లైసెన్సు చేతికి వస్తే చాలునన్న ధోరణి వారిలో కొందరి మాటల్లో వినిపిస్తోంది. ఆగస్టు చివరన కొత్త కాంపౌండ్ విల్లు (కొసల్లో కప్పీలు ఉండే ఆధునిక విల్లు) కొని, నాలుగు రోజులు గురి చూసుకుని అడవికి బయలుదేరడం తగని పని అని మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

కొలరాడో నిబంధనల ప్రకారం విల్లు లాగుడు బలం, అంటే నారిని వెనక్కి లాగడానికి పట్టే బలం, కనీసం 35 పౌండ్లు ఉండాలి. బాణపు ములికి వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులకు తగ్గకూడదు, దానికి కనీసం రెండు ఉక్కు అంచులు ఉండాలి. అంతటితో సరిపోదు. తుపాకీ గుండులా దెబ్బ ధాటితో కాక, రక్తనాళాలను తెగగోయడం వల్లనే బాణం జంతువును చంపుతుంది కాబట్టి, అంచు మొద్దుబారితే గాయపడిన ఎల్క్ ఎవరికీ దొరకకుండా కొండల్లోకి పోయి యాతన పడుతుంది. పైగా సాధనకు వాడే సన్నని ములికితో నడిమధ్యన తగిలిన బాణమే, వెడల్పాటి వేట ములికి బిగించాక గాలి పట్టి, 30 గజాల దూరంలో పక్కకు పోవచ్చు. అందుచేత వేటకు వాడబోయే ములుకులతోనే గురి సరిచూసుకుని, అవసరమైతే బాణం ఆనే మెట్టును కొద్దికొద్దిగా జరిపి, ఆ తరువాత పదును తగ్గిన అంచులు తీసి కొత్తవి వేసుకోవాలి.

కార్బన్ బాణాలను ప్రతిసారీ రెండు కొసలా పట్టుకుని, కాస్త వంచి, తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకుని వినాలి. చిటపటమన్న చప్పుడు వచ్చిన బాణాన్ని మళ్ళీ సంధించకూడదు; వదిలిన క్షణంలో అది చీలి, విల్లు పట్టిన చేతిలోకే దిగబడే ప్రమాదం ఉంది. వింటినారి నూగుగా లేస్తే మైనం పట్టించవచ్చు గానీ, ఒక్క పోగు తెగినా దుకాణంలో మార్పించాల్సిందే. కొత్త నారి కొన్నాళ్ళు సాగుతుంది, దానితో గురి కూడా మారుతుంది. ఈ తనిఖీ, సాధన జూలైలోనే మొదలుపెట్టాలని నేననేది ఇందుకే. విల్లును ఎండలో మూసిన కారులో వదిలేయడం కూడా మంచిది కాదు.

విజయవాడ క్రీడాకారిణి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచాక కాంపౌండ్ విల్లు మన ఇళ్ళలో పరిచయమైన పేరే. పోటీలో గురి తప్పితే పాయింట్లు పోతాయి, అడవిలో ఒక ప్రాణి హింస పడుతుంది. ఈ వేట కాలానికి ముందుగానే మీ ప్రవాసుల పేజీలో పరికరాల తనిఖీపై, వేటగాళ్ళ శిక్షణపై ఒక వివరమైన వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డెన్వర్, కొలరాడో