ఫార్మలిన్‌లో నీళ్లు కలిపితే సరిపోదు

సంపాదకులకు,

అయ్యా,

రొమ్ములో గడ్డకు ఆపరేషన్ జరిగాక, తీసిన ముక్కను సీసాలో వేసి రోగి బంధువుల చేతికిచ్చి పరీక్షకు పంపడం మన జిల్లాల్లో మామూలే. ముక్క చెడిపోకుండా ఆ సీసాలో పోసే ఫార్మలిన్ అనే ద్రవాన్ని (నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్) ఎలా తయారుచేశారన్నది మాత్రం చాలాచోట్ల ఎవరూ పట్టించుకోవడం లేదు. కొన్ని ముక్కలు సెలైన్‌లోనే వస్తాయి.

శరీరం నుంచి వేరుపడగానే కణజాలం తన ఎంజైముల వల్లే చెడిపోసాగుతుంది. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి దాన్ని ఆపుతుంది. 1893లో జర్మన్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ గమనించిన ఈ గుణమే ముక్కలను పరీక్షించే మాకు నేటికీ ఆధారం. బజారులో దొరికే ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం ఉంటుంది. దానికి తొమ్మిది రెట్లు నీళ్లు కలిపి, అదీ కుళాయి నీళ్లు, పని అయిందనుకుంటారు. బఫర్ (ఆమ్లత మారకుండా నిలిపే లవణాలు) లేని ఆ ద్రవంలో నిల్వ ఉన్నకొద్దీ ఫార్మిక్ ఆమ్లం పెరుగుతుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి ముదురు గోధుమ రంగు రేణువులను మిగిల్చితే, స్లైడు మీద అవి మలేరియా రేణువుల్లా కనిపించి తికమక పెడతాయి. నిజానికి కావలసింది కొంచెమే: 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 900 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నిర్జల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. పీహెచ్ 7 దగ్గర నిలుస్తుంది.

ద్రవం ముక్కకు కనీసం పది రెట్లు ఉండాలి. పెద్ద ముక్కను కోసి తెరవకుండా ముంచితే పైపొర గట్టిపడి లోపల కుళ్లుతుంది. రొమ్ము కణజాలాన్ని తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటలలోపే ఉంచాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది తప్పితే, క్యాన్సర్ కణాల్లో హార్మోన్లను అందుకునే ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూసే హార్మోన్ రిసెప్టర్ పరీక్ష ఉన్నదాన్ని లేదని చూపవచ్చు. అప్పుడు ఆ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ వంటి మాత్రతో మేలు పొందవలసిన మహిళకు ఆ మందే అందదు. ఆ ముక్క మళ్లీ దొరికేది కాదు.

2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. కాబట్టి గాలి ఆడని గదిలో, చేతి తొడుగులు కూడా ఇవ్వకుండా సిబ్బందితో దీన్ని కలిపించడం అన్యాయం.

అందుకే బఫర్ కలిపి సిద్ధం చేసిన ఫార్మలిన్‌ను, వెడల్పు మూతి డబ్బాలతో సహా, ఆరోగ్య శాఖలే జిల్లా, ఏరియా ఆసుపత్రులకు సరఫరా చేయాలి. ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రాయడానికి బయాప్సీ పత్రంలో రెండు గళ్లు తప్పనిసరి చేయాలి.

— ఒక పాథాలజిస్టు, వరంగల్